నా ఫైలు నాకే 403 అంది

మొన్నో శనివారం రాత్రి నా సొంత పాడ్‌లో, నా సొంత ఫైలుకి, నేనే బయటి మనిషినైపోయాను. గృహప్రవేశం ఫోల్డర్‌లో ఖర్చుల లెక్క ఉంది, అదొక్కటీ మా బావమరిదికి చూపిద్దామని దానికో ఏసీఎల్ ఫైలు (ఎవరికి ఏ అనుమతో రాసే ఫైలు) రాసి, వాడి వెబ్ఐడీ (వెబ్‌లో వాడి గుర్తింపుగా ఉండే యూఆర్ఎల్) పెట్టి, రీడ్ ఇచ్చి సేవ్ కొట్టాను. కాసేపాగి నేను తెరిస్తే 403, అంటే నీకు అనుమతి లేదు పొమ్మని. వాడికి ఫోన్ చేస్తే "నాకు బానే వస్తోంది బావా, షామియానా కంటే స్వీట్లకే ఎక్కువ పెట్టినట్టున్నావే" అన్నాడు.

పాడ్ అంటే తెలియనివాళ్లకి: వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ ఎంఐటీలో మొదలుపెట్టిన సాలిడ్ ప్రాజెక్టులో మన డేటా ఉండే చోటు. డేటా మన దగ్గరే ఉంటుంది, యాప్‌లే వచ్చి అడుక్కుంటాయి. ప్రతి ముక్కకీ ఒక యూఆర్ఎల్ ఉంటుంది, అది ఎక్కడో వేరే సర్వర్‌లో ఉన్న ఇంకో ముక్కకి లింక్ అవుతుంది. మామూలు సైట్ అయితే ఒక కంపెనీ, ఒక డేటాబేస్, అందులో ఒక యూజర్స్ టేబుల్, ఎవరికి ఏం చూపించాలో వాళ్లిష్టం. ఇక్కడ ఫైలు నా సర్వర్‌లో, మా వాడి గుర్తింపు ఇంకో చోట, తెరిచే యాప్ మూడో వాళ్లది. ముగ్గురూ ఒకే రూల్‌ని ఒకేలా చదవకపోతే తాళం ఉన్నా లేనట్టే, అందుకే ఉమ్మడి స్టాండర్డ్ కోసం ఇంత తంటా.

అలా వచ్చిందే వెబ్ యాక్సెస్ కంట్రోల్. ఇందులో నాకు నచ్చిందేంటంటే పర్మిషన్ కూడా లింక్డ్ డేటానే, అంటే మిగతా ముక్కల్లాగే లింకులతో కలిసిన ఇంకో ముక్క. దానికీ ఓ యూఆర్ఎల్ ఉంటుంది, అదెక్కడుందో సర్వర్ తన జవాబుతో పాటు పంపే లింక్ హెడర్‌లో చెబుతుంది. ఎవరు, దేన్ని, ఏం చేయొచ్చు, అంతే. చేయగలిగేవి నాలుగు: రీడ్, రైట్, అపెండ్, కంట్రోల్. రీడ్ లేకుండా అపెండ్ ఒక్కటే ఇస్తే అది గుడి హుండీ లెక్క, వేయొచ్చు గానీ తీయలేం, లోపల ఎంతుందో చూడనూ లేం. ఇన్‌బాక్స్‌లు అలాగే నడుస్తాయి. కంట్రోల్ అంటే ఏసీఎల్ ఫైలునే చూసి మార్చే హక్కు.

నేను బోల్తా పడింది వారసత్వం దగ్గర. ఫైలుకి సొంత ఏసీఎల్ లేకపోతే సర్వర్ పై ఫోల్డర్‌కి, దానికీ లేకపోతే ఇంకా పైకి, అలా రూట్ దాకా ఎక్కుతుంది, దొరికిన చోట డిఫాల్ట్ అని రాసిన రూల్స్ మాత్రమే తీసుకుంటుంది. కానీ ఫైలుకే ఒక ఏసీఎల్ ఉందా, ఇక పైకి చూడదు. రెండూ కలపదు. నా పేరున్న లైను పై ఫోల్డర్‌లో ఉంది, నేనేమో కలుస్తుందిలే అనుకున్నాను. సర్వర్ నేనే నడుపుతున్నాను కాబట్టి డిస్క్‌లోకి వెళ్లి ఆ ఫైలు పీకేశాను, వేరేచోట పాడ్ ఉన్నవాళ్లయితే మెయిల్ పెట్టి ఎదురుచూడాల్సిందే. (యజమానికి కంట్రోల్ ఎప్పుడూ పోకుండా చూసే సర్వర్లూ ఉన్నాయి. అంటే ఇదే తప్పు ఒకచోట తప్పు, ఇంకోచోట కాదు. స్టాండర్డ్ అన్నాక ఇదేం లెక్క?)

ఆ రాత్రి తిట్టుకున్నాను గానీ ఈ కలపకపోవడం సరైన పనే అనిపిస్తోంది ఇప్పుడు. కలిపితే ఒక ఫైలు ఎవరెవరికి కనిపిస్తుందో తెలుసుకోడానికి, స్థలం కొనేముందు ముప్పై ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు తిరగేసినట్టు, పైనున్న ఫోల్డర్లన్నీ తిరగేయాలి. ఇప్పుడు ఒక్క ఫైలు చూస్తే చాలు.

నాకు గొడవ ఉన్నది వేరేచోట. "బంధువులందరికీ, ఫలానా ఒక్కడికి తప్ప" అని ఇందులో రాయలేం, వద్దు అనే మాటే లేదు, వాడు లేని ఇంకో గ్రూపు కట్టుకోవాలి. ఏ యాప్ అడుగుతోందో చూసే ఏర్పాటూ అంతంతమాత్రం. ఇవన్నీ ఉన్న రెండో స్టాండర్డ్ యాక్సెస్ కంట్రోల్ పాలసీ, ఏసీపీ. వద్దనీ చెప్పొచ్చు, యాప్‌ని బట్టీ చెప్పొచ్చు. బాగానే ఉంది గానీ చదివి అర్థం చేసుకోవడం మావాడికి కాదు కదా నాకే ఓ పూట పట్టింది. మరి సాలిడ్ వాళ్లు ఏది ఎంచుకున్నారు? రెండూ! సర్వర్ రెండింట్లో ఏదో ఒకటి పాటిస్తే చాలట, యాప్ రాసేవాళ్లకి మాత్రం రెండూ రావాలట. సర్వర్లు కట్టేవాళ్ల తగవు తీరక బరువు తెచ్చి మా నెత్తిన పెట్టారు. నా చిన్న ఫొటోల యాప్‌లో ఇప్పుడు షేర్ బటన్ వెనక సగం కోడ్ "ఇది ఏ రకం సర్వర్" అని కనుక్కోడానికే.

2024లో వెబ్ స్టాండర్డ్‌లు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ లింక్డ్ వెబ్ స్టోరేజ్ అని వర్కింగ్ గ్రూప్ పెట్టింది, ఈ పంచాయితీ ఇక వాళ్ల ముందుంది. నా ఓటు ఎవరూ అడగలేదు గానీ, ఆ నాలుగు మాటలూ అలాగే ఉంచి, యాప్ ఎవరో చూసే ఏర్పాటు చేర్చి, యజమాని బయట పడకుండా ఒక లైను తప్పనిసరి చేస్తే చాలు. ‘వద్దు’ లేకపోయినా సర్దుకుంటాను.

అన్నట్టు ఆ ఖర్చుల ఫైలుకి మళ్లీ ఏసీఎల్ రాశాను, ఈసారి ముందు నా పేరు. మావాడికి ఇంకా ఇవ్వలేదు, స్వీట్ల సంగతి మా ఆవిడకి చేరేసింది.