బావగారి బల్లకు సరిపోయే మానిటర్

మా బావగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి, 62 ఏళ్లు నిండడంతో ఈ మధ్యనే పదవీ విరమణ చేశారు. గుంటూరు బ్రాడీపేటలోని వారి ఇంట్లో ఒక్క వారంలో పోగైన శాలువాలను లెక్కపెట్టిన మా అక్క, ఇకమీదట శాలువా పట్టుకొచ్చినవారికి కాఫీ కూడా ఇవ్వనని ప్రకటించింది. బావమరిదిగా నేనూ ఏదో ఒకటి ఇవ్వాలి కదా. బావగారు కొన్నేళ్లుగా విజయవాడ ప్రచురణకర్తలకు పుస్తకాల ప్రూఫులు దిద్దిపెడుతున్నారు. ఒకప్పుడు కాగితాల కట్ట వచ్చేది, ఎర్ర సిరాతో దిద్ది పంపేవారు. ఇప్పుడు పీడీఎఫ్‌లు వస్తున్నాయి, ఆయన పాత ల్యాప్‌టాప్ మీద మెడ వంచుకుని పుటలు పైకీ కిందికీ జరుపుకుంటూ కూర్చుంటున్నారు. అందుకే పదివేల రూపాయల లోపు ఒక మానిటర్ కొనాలని నిశ్చయించుకున్నాను.

ముందుగా చెబితే వద్దంటారని తెలుసు కనుక వివరాలన్నీ అక్క ద్వారానే రాబట్టవలసి వచ్చింది. బల్ల కొలతలు అడిగాను. మా నాన్నగారి కాలం నాటి టేకు బల్ల అది, ముందువైపు సొరుగులు, లోతు సరిగ్గా రెండడుగులు. ల్యాప్‌టాప్‌కు ఇరుపక్కలా ఉన్న రంధ్రాలను ఫోటో తీసి పంపమంటే, మొదట చార్జరు పెట్టే రంధ్రాన్ని మాత్రం ఎంతో స్పష్టంగా తీసి పంపింది. రెండో ఫోటోలో బొమ్మను బయటి తెరకు పంపే హెచ్‌డీఎంఐ రంధ్రం కనిపించాక నిశ్చింత కలిగింది. ఈ ఫోటోల గొడవ అనవసరమనుకోకూడదు. ఈ మధ్య వస్తున్న సన్నని ల్యాప్‌టాప్‌లు కొన్నింటికి టైప్-సి అనే చిన్న రంధ్రం తప్ప మరొకటి ఉండదు. ఆ టైప్-సి కూడా అన్నింటిలోనూ బొమ్మను బయటకు పంపదు, కొన్నింటిలో అది చార్జింగుకూ ఫైళ్లు ఎక్కించుకోవడానికీ మాత్రమే పనికొస్తుంది. ఒకే తీగతో బొమ్మనూ కరెంటునూ నడిపే టైప్-సి మానిటర్లు నా బడ్జెట్‌కు అందేవి కావు. హెచ్‌డీఎంఐ ఉంది కాబట్టి ఆ చింత తీరింది.

తరువాతి ప్రశ్న పరిమాణం. కానుక కాబట్టి పెద్దదిస్తే ఘనంగా ఉంటుందనే ఆశ నాకూ కలిగింది, 27 అంగుళాలది నా బడ్జెట్‌కు కొద్దిగానే పైన ఉంది. అయితే ఆ ధరలో దొరికే 27 అంగుళాల తెరలోనూ 24 అంగుళాల తెరలోనూ ఉండే చుక్కలు (పిక్సెళ్లు) ఒక్కటే: అడ్డంగా 1920, నిలువుగా 1080. 24 అంగుళాలని అమ్మే తెర నిజానికి 23.8 అంగుళాలు, అందులో అంగుళానికి దాదాపు 93 చుక్కలు వస్తే, 27లో 82 దాటవు. తెర పెరుగుతుంది, అక్షరం పెద్దదవుతుంది, కానీ దాని అంచు మొరటుబారుతుంది. కళ్లు మందగించినవారికి ఆ పెద్ద అక్షరమే హాయిగా ఉండవచ్చు, సినిమాలు చూసుకునేవారికి అసలు తేడాయే తెలియకపోవచ్చు. ప్రూఫులు దిద్దేవారి సంగతి వేరు.

ఆ సంగతి తెలుగు చదివేవారికి వివరించనక్కరలేదు. కంప్యూటర్‌లో 12 పాయింట్ల అక్షరానికి మామూలుగా దక్కే ఎత్తు 16 చుక్కలు. ఇంగ్లిషు అక్షరం ఆ 16 చుక్కల్లో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. మన ‘స్త్రీ’ మాత్రం పైన గుడి దీర్ఘం, మధ్యన సకారం, కింద తావత్తు, దానిని చుట్టి రావత్తు అన్నీ ఆ చిన్న ఎత్తులోనే సర్దుకోవాలి. ‘ద’కూ ‘ధ’కూ, ‘డ’కూ ‘ఢ’కూ మధ్య ఉన్నది అడుగున ఒక చిన్న గీత. ఆ గీత ఉన్నదో లేదో పట్టుకోవడమే బావగారి పని. తెరమీద అది అలుక్కుపోతే ఆయన ప్రతి పుటనూ పెద్దది చేసి చూసుకోవాలి, అప్పుడు పుట మొత్తం ఒకేసారి కనిపించదు.

ఇక్కడే నన్ను 24 అంగుళాల వైపు తిప్పిన లెక్క మరొకటి తోచింది. ఆ తెర ఎత్తు సుమారు 29.6 సెంటీమీటర్లు, ఏ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు. వెడల్పు 52.7 సెంటీమీటర్లు కనుక, 21 సెంటీమీటర్ల వెడల్పు గల పుటలు రెండు పక్కపక్కనే పట్టి ఇంకా చోటు మిగులుతుంది. పైనా కిందా వచ్చే పట్టీల వల్ల పుట కాస్త తగ్గినా, చేతిలోని కాగితమూ తెరమీది పుటా దాదాపు ఒకే కొలతలో ఉంటాయన్నమాట. నలభై ఏళ్లపాటు కాగితం మీద దిద్దిన మనిషికి ఇంతకంటే అనువైనది ఏముంటుంది?

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక దుకాణానికి వెళ్లాను. నా బడ్జెట్ వినగానే అక్కడి కుర్రవాడు, అదే డబ్బుకు 32 అంగుళాల టీవీ వస్తుందనీ, దానికీ హెచ్‌డీఎంఐ ఉంటుందనీ చెప్పాడు. వస్తుంది నిజమే. కానీ ఆ ధరలో వచ్చే 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి చుక్కలు 1366 అడ్డం, 768 నిలువు, అంటే అంగుళానికి 49. వార్తలు చూడటానికి సరిపోతుంది, వార్త దిద్దడానికి సరిపోదు. తరువాత వంపు తెర చూపించాడు, ఆటలకు బాగుంటుందట. మా బావగారు ఆడేది చదరంగం ఒక్కటే, అదీ వీధి అరుగు మీద.

ఎల్‌జీ, శామ్‌సంగ్, ఏసర్, బెన్‌క్యూ పెట్టెలు వరుసగా పేర్చి ఉన్నాయి. పెట్టెల మీద పెద్ద అక్షరాలతో కనిపించేవాటిలో నాకు పనికొచ్చినవి తక్కువ. 100 హెర్ట్జ్ అంటే తెర సెకనుకు 100 సార్లు మారుతుందని అర్థం, పుటలు జరిపేటప్పుడు కంటికి కొంచెం సాఫీగా ఉంటుంది, ఇప్పుడు చవక మానిటర్లలోనూ వస్తోంది కాబట్టి దానికోసం ప్రత్యేకంగా వెతకనక్కరలేదు. చుక్క ఎంత వేగంగా రంగు మార్చుకుంటుందో చెప్పే ఒక మిల్లీసెకను వంటి మాటలు ఆటగాళ్లకోసం. చూడవలసినది ప్యానెల్ రకం, అంటే తెరను తయారుచేసిన పద్ధతి. ఐపీఎస్ తెరను పక్కనుంచి చూసినా రంగు మారదు. వీఏ తెరలో నలుపు మరింత చిక్కగా ఉంటుంది కానీ పుట జరుగుతున్నప్పుడు అక్షరాల వెనుక నీడ లాగినట్లు అనిపించవచ్చు. నేను ఐపీఎస్ తీసుకున్నాను. తెర ఉపరితలం మెరవకుండా ఉండాలని కూడా పట్టుబట్టాను, ఎందుకంటే బావగారి కుర్చీ వెనుకనే తూర్పు కిటికీ ఉంది.

పెన్‌డ్రైవ్‌లో ఒక పాత ప్రూఫు పీడీఎఫ్ వెంట తీసుకెళ్లాను. అక్క దొంగతనంగా పంపిన పుట అది. 24నూ 27నూ పక్కపక్కన పెట్టి అదే పుటను తెరిపిస్తే, అంతవరకు పెద్దదానివైపే మొగ్గు చూపిన కుర్రవాడు కూడా ‘దీంట్లో వత్తులు బాగున్నాయి సార్’ అని చిన్నదానిని చూపించాడు. వెలుగు బాగా తగ్గించి ఫోను కెమెరాతో తెరను చూస్తే నల్లని చారలు కదులుతున్నాయేమో కూడా గమనించాను. కొన్ని తెరలు వెలుగును తగ్గించేందుకు దీపాన్ని అతివేగంగా ఆర్పి వెలిగిస్తూ ఉంటాయి, కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. నేను ఎంచుకున్నదానిలో చారలు కనిపించలేదు.

నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది స్టాండు. మానిటర్ పైఅంచు కంటికి సమానంగా ఉండాలని అందరూ చెబుతారు, అందుకే ఎత్తు మార్చుకునే స్టాండు ఉన్నదే తీసుకోవాలని నేనూ అనుకున్నాను. దానికి మరో మూడు వేలు పెట్టాలి. ఆ ఖర్చు తప్పించుకునేందుకు కంపెనీలు వాడి అమ్మేసిన మానిటర్లు చూశాను. వాటి స్టాండ్లు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి, ధర సగం. అక్కకు ఫోను చేస్తే ‘ఒరేయ్, మీ బావకి వాడేసింది ఇస్తావా?’ అంది, ఆ మాట అక్కడితో ముగిసింది. బల్ల అంచుకు బిగించే చేయి లాంటి స్టాండు కొందామంటే, ఆ సొరుగుల వల్ల బిగింపుకు చోటే లేదు.

అప్పుడు బావగారి కళ్లద్దాలు గుర్తొచ్చాయి. ఆయనవి ప్రోగ్రెసివ్ అద్దాలు. దూరం చూడటానికి పైభాగం, దగ్గర చదవడానికి కిందిభాగం. అటువంటి అద్దాలు పెట్టుకునేవారు కంటికి సమానంగా ఉన్న తెరను చదవాలంటే గడ్డం పైకెత్తి, కింది భాగంలోంచి చూడాలి. గంటసేపు అలా కూర్చుంటే, ల్యాప్‌టాప్‌తో వంగిన మెడ ఈసారి వెనక్కి వాలుతుంది. వారికి తెర కిందికి ఉండి, పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉండటమే మేలు. చవక మానిటర్‌కు వచ్చే పొట్టి స్టాండు చేసేది సరిగ్గా అదే. లోపమని అందరూ చెప్పేది ఈ ఒక్క మనిషికి గుణమైంది, నాకు మూడు వేలు మిగిలాయి. నిజానికి ఈ ఆలోచన మొదటే వచ్చి ఉంటే రెండు రోజులు కలిసివచ్చేవి.

18 శాతం జీఎస్టీతో కలిపి బిల్లు తొమ్మిది వేల లోపే తేలింది, మూడేళ్ల వారంటీ. దుకాణంలోనే పెట్టె విప్పించి తెల్లని, నల్లని, ఎర్రని, ఆకుపచ్చని, నీలి తెరలు ఒక్కొక్కటిగా వేయించి చచ్చిన చుక్కలేవీ లేవని చూసుకున్నాను. ఒకటి రెండు చుక్కలు పోయినంత మాత్రాన చాలా కంపెనీలు మార్చి ఇవ్వవు కనుక ఆ పది నిమిషాలు అక్కడే గడపడం మంచిది. కానుకకు ధర కనిపించకూడదంటారు, వారంటీకి బిల్లు కావాలంటారు. బిల్లును కవరులో పెట్టి అక్కకు ఇచ్చాను. పెట్టెను బస్సులో ఒళ్లో నిలబెట్టుకుని కనకదుర్గ వారధి, మంగళగిరి దాటి గుంటూరు చేరేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. మానిటర్ పెట్టెను పడుకోబెట్టి మీద సంచులు పెట్టకూడదు.

బల్లమీద పెట్టి తీగ తగిలించగానే బావగారు కళ్లద్దాలు సర్దుకుని, ‘ఇదేమిటోయ్, వత్తులన్నీ అలుక్కుపోయాయే’ అన్నారు. నా గుండె జారింది. చూస్తే ల్యాప్‌టాప్ తన బొమ్మనే రెండు తెరలమీదా చూపిస్తోంది. దాని సొంత తెర 1366 చుక్కలది, ఆ కొద్ది చుక్కలనే పెద్ద తెరకు సాగదీస్తోంది. విండోస్ మీటా, పి మీటా కలిపి నొక్కి, రెండు తెరలనూ వేరువేరుగా వాడుకునే అమరికను ఎంచుకుంటే అక్షరాలు తేరుకున్నాయి. వెలుగును సగానికి పైగా తగ్గించాం. ఆయన ఒక ఏ4 కాగితం తీసి తెరకు ఆనించి చూసి, ఏమీ అనకుండా మళ్లీ సొరుగులో పెట్టేశారు.

తెర బల్ల వెనుక అంచుకు జరిగింది, ల్యాప్‌టాప్ దాని ముందు అడ్డంగా ఉండిపోయింది. పక్కకు జరిపితే చేతులు అటు, కళ్లు ఇటు. విడిగా కీబోర్డూ మౌసూ కావాలన్న ఊహే నా లెక్కల్లో రాలేదు. మర్నాడు పొద్దున్నే అరండల్‌పేట వెళ్లి రెండూ కొనుక్కొచ్చాను, మొత్తం ఖర్చు పదివేలకు కాస్త అటూ ఇటూగా తేలింది. నేను వచ్చేసరికి బావగారు మూడు పుటలు దిద్దేసి ఉన్నారు, అక్క నాకు కాఫీ ఇచ్చింది.