నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఫోను

పోయినసారి అరసవల్లి, శ్రీకూర్మం తిరిగి వచ్చి తీసిన వీడియో టీవీలో పెడితే, మా చెల్లెలు రెండు నిమిషాలు చూసి "ఇది సీసీ కెమెరాలో పడిందా అన్నయ్యా?" అంది. పైనా కిందా నల్ల పట్టీలు వేశాను, రంగులు మార్చాను, వెనక వేణువు వినిపించాను. ఇంత చేసినా పట్టీల మధ్య ఇరుక్కున్న సీసీ కెమెరాలాగే ఉంది.

లోపం షట్టరులో, అంటే ఒక్కో ఫ్రేముకు (బొమ్మకు) ఫోను ఎంతసేపు వెలుగు తీసుకుంటుందన్న లెక్కలో ఉందని తర్వాత తెలిసింది. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. ఒక్కో ఫ్రేము సెకనులో సుమారు 50వ వంతు సేపు వెలుగు తీసుకుంటే, కదిలే చెయ్యి కాస్త చెరిగినట్టు పడుతుంది. కంటికి ఆ చెరుగే హాయి. ఎండలో ఫోనును దాని మానాన వదిలేస్తే వెయ్యో వంతుకో, రెండు వేలో వంతుకో పరుగెత్తుతుంది. ప్రతి ఫ్రేమూ కత్తితో కోసినట్టు వచ్చి, మామూలుగా నడిచే మనిషి కూడా గంతులేస్తున్నట్టు కనిపిస్తాడు. నా ఫోను లెన్సుకు కన్నం కుదించుకునే వీలు లేదు కాబట్టి ముందు నల్లద్దం పెట్టి వెలుగును ఆపాలి. దాన్ని ఎన్‌డీ ఫిల్టరు అంటారు. 1,800 పోసి కొన్నాను. ఆ డబ్బుకి పలాస జీడిపప్పు కొనుక్కుని తింటూ కూర్చున్నా బాగుండేది.

ఎందుకంటే అది కళింగపట్నంలో ఇసుక పాలైంది. చీకటి ఉండగానే శ్రీకాకుళంలో ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. ఆటో అతను అడిగిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. సూర్యుడు నీళ్ళలోంచి లేచే వేళ వెలుగు మెత్తగా ఉంటుంది, అప్పుడు ఫిల్టరుతో పనే లేదు. ఎనిమిది దాటి ఎండ ఎక్కాక, లైట్‌హౌస్ వైపు తిరిగి ఫిల్టరు తగిలించబోతే క్లిప్పు జారింది. అరగంట ఇసుక కెలికాను. వలలు సర్దుకుంటున్న ఇద్దరు కూడా వచ్చి వెతికారు. వాళ్ళకి ఉంగరం పోయిందని చెప్పి ఉంటే బాగుండేది, గాజు ముక్క కోసం ఇంత బాధ ఏమిటన్నట్టు చూశారు. ఆ కోపంలో శాలిహుండం కొండ ఎక్కాను, దిగాను. ఇటుక స్తూపాలు, కింద వంశధార, అంతా చూశాను. ఒక్క ముక్క కూడా మనసు పెట్టి తీయలేదు.

మర్నాడు పొందూరు. బస్సు దిగిన చోట బండి మీద 120 రూపాయలకు నల్ల కళ్ళద్దాలు కొన్నాను, నిజంగా నా కళ్ళ కోసమే.

ఖాదీ వడికే ఒక పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చోనిచ్చింది. ముందు వాలుగ చేప దవడ ఎముక చూపించింది. దాని సన్నటి పళ్ళతో పత్తిని దువ్వుతుంటే గింజను అంటుకున్న పోగులు సాపుగా వచ్చేస్తున్నాయి. తర్వాత రాట్నం ముందు కూర్చుంది. నేను ఫోను పెట్టాను. తెర మీద చక్రం ఆకులు ఒక్కొక్కటీ విడివిడిగా గడ్డకట్టి, కాసేపు వెనక్కి కూడా తిరుగుతున్నాయి. షట్టరు 500వ వంతు దగ్గర ఉంది. మా చెల్లెలి మాట మళ్ళీ చెవిలో పడింది.

అప్పుడు కళ్ళద్దాలు తీసి లెన్సుకు అడ్డం పట్టాను. కళింగపట్నం ఎండకైతే ఈ అద్దం ఏ మూలకూ చాలదు. అరుగు మీది నీడకు సరిపోయింది. షట్టరును 50వ వంతుకి దించి అక్కడే కట్టేశాను. ఆకులన్నీ కలిసిపోయి చక్రం పొగలా తిరిగింది, పెద్దమ్మ చెయ్యి మాత్రం నిదానంగా వెనక్కి సాగింది.

"ఫోనుకి కూడా ఎండ తగులుతుందా బాబూ?" అని నవ్వింది.

అద్దం వల్ల అంతా గోధుమరంగుకు తిరిగింది. ఆ రంగు సరిచేయడానికి ఫోనుకు ఏదైనా తెల్లటిది చూపించి, ఇదే తెలుపు అని చెప్పాలి. ఎదురుగా ఉన్న పత్తిని చూపించాను. పెద్దమ్మ ముఖం నీలంగా మారింది. ఇక్కడి పత్తిలో మీగడ రంగు పత్తి కూడా ఉందని అప్పటికి నాకు తట్టలేదు. మీగడను తెలుపనుకుని ఫోను మిగతా లోకానికంతా నీలం పూసింది. చివరికి సున్నం వేసిన గోడ చూపిస్తే దారికొచ్చింది.

ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కళ్ళద్దాలు. భుజం లాగేస్తున్నా కదలకుండా కూర్చుని గంటన్నర తీశాను. వేణువు అక్కర్లేదనిపించి కదురు చప్పుడు కూడా విడిగా రికార్డు చేశాను. మా నాయనమ్మ వత్తులు చేసేటప్పుడు ఇలాగే ముఖం కాస్త పక్కకు వాల్చేది. ఆమె వీడియో ఒక్కటీ లేదు మా దగ్గర.

తీసింది చూపించమంది పెద్దమ్మ. పొగలాంటి చక్రం, మీగడ రంగు దారం, ముఖం మీద వెలుగు, వీటన్నిటి గురించి ఏమంటుందోనని ఎదురుచూస్తున్నాను. కళ్ళు చికిలించి చూసి, తెర మీద వేలు పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ నూలు తెగింది. ఇది తీసేయ్ బాబూ, ఊళ్ళో ఎవరైనా చూస్తే నవ్వుతారు."

నేను ఆ చోటు మూడుసార్లు చూస్తే గాని తెగడం కనిపించలేదు. కనిపించాక, తెగిన రెండు కొసలనూ ఆమె వేళ్ళు ఎప్పుడు కలిపేశాయో చూడటానికి మరో మూడుసార్లు వెనక్కి తిప్పాను. తీసిన దాంట్లో అన్నిటికంటే బాగా వచ్చింది ఆ ముక్కే. సరేనమ్మా, తీసేస్తానన్నాను.