గ్రూప్-2 మిత్రులకు: భూమి పొరల టేబుల్‌ను గోడ మీద నుంచి తీసేయండి

లిస్టులో నా నంబర్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: ఏ బుక్స్ చదివావన్నా? మీ దగ్గరున్నవే తమ్ముడూ. చెప్పాల్సింది ఉంటే అది జాగ్రఫీలో ఒక్క చాప్టర్ గురించి.

భూమి పొరల మధ్య సరిహద్దులు మోహో, గూటెన్‌బర్గ్, లేమాన్. లోతులు చూస్తే గూటెన్‌బర్గ్ 2,900, లేమాన్ 5,150, భూమి నడిబొడ్డు 6,371 కి.మీ. ఈ టేబుల్ అందరికీ కంఠతా వచ్చు. కానీ 'పలకలు అంటే భూపటలం ముక్కలు' అని స్టేట్‌మెంట్ ఇస్తే సగం మంది ఒప్పు అని పెట్టేస్తారు. తప్పు. భూపటలం, దాని కింద ప్రావారంలోని (మాంటిల్) పైనున్న గట్టి భాగం కలిస్తేనే పలక. సగటున 100 కి.మీ. మందం. భూపటలం, ప్రావారం, కేంద్రం అనేది పదార్థాన్ని బట్టి చేసిన విభజన. శిలావరణం (పలకలుగా ఉన్న గట్టి పైభాగం), ఆస్థినోస్ఫియర్ (దాని కింద మెత్తగా, నెమ్మదిగా జరిగే పొర) అనేది ఆ పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో చూసి చేసింది. నోట్స్‌లో రెండింటినీ వేర్వేరు పేజీల్లో రాసుకున్న రోజే నాకు చాప్టర్ మొత్తం చిక్కు విడిపోయింది. ఆస్థినోస్ఫియర్ ద్రవమా? కాదు, ద్రవంలోంచి పోలేని ఎస్ తరంగాలు (ఒక రకం భూకంప తరంగాలు) అందులోంచి పోతాయి. బాహ్య కేంద్రంలోంచి పోవు, కాబట్టి అది ద్రవం. ఇక బట్టీ ఎందుకు?

పలకలు ఎందుకు కదులుతాయంటే శాస్త్రవేత్త ఆర్థర్ హోమ్స్ చెప్పిన సంవహన ప్రవాహాలు (ప్రావారంలో వేడి పదార్థం పైకి లేచి, చల్లబడి దిగడం) అని రాసి ఆగిపోకండి. చల్లబడి బరువెక్కిన సముద్ర పలక ప్రావారంలోకి దిగుతూ వెనకున్నదాన్ని లాగుతుంది. మంచం మీంచి సగం జారిన దుప్పటిని వేలాడే బరువే కిందికి లాగేసినట్టు. స్లాబ్ పుల్ అంటే అదే, ఇప్పుడు ప్రధాన కారణంగా చెప్పేదీ దాన్నే.

మన పరీక్ష 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. 4వ తేదీ పొద్దున ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం. 'పలక సరిహద్దు హిమాలయాల్లో కదా, ఇక్కడెందుకు?' అని గ్రూపులన్నీ మోగిపోయాయి. మన భారత పలక ఏటా దాదాపు 5 సెం.మీ. ఉత్తరానికి జరుగుతూ యురేషియాను నెడుతోంది. ఆ ఒత్తిడి లోపలి పాత బలహీన రేఖల మీదా పడుతుంది. గోదావరి పగులు లోయ అలాంటిదే. సింగరేణి బొగ్గు దొరికేదీ అందులోనే. 1969లో భద్రాచలం కంపించిందీ ఆ లోయలోనే.

పాలిటీ, ఎకానమీ, ఉద్యమ చరిత్ర అందరిలాగే చదివా, కొత్తగా చెప్పేదేం లేదు. ఒకటి రెండు మార్కుల చాప్టర్‌కి ఇన్ని రోజులా అని రూమ్మేట్లు నవ్వారు. నవ్వనీ. ఆ పేజీల్లోంచే పర్వతాలు, అగ్నిపర్వతాలు, డిజాస్టర్ మేనేజ్‌మెంట్ కూడా అయిపోయాయి. వాళ్లు ఒక్కోదానికీ ఒక్కో పీడీఎఫ్ దించుకున్నారు.

నా నోట్స్ పీడీఎఫ్ మాత్రం అడగొద్దు. పిసినారితనం కాదు. ఆ రెండు పేజీలు ఎవరికి వాళ్లు గీసుకుంటేనే పనికొస్తాయి. పైగా నా చేతిరాత నాకే సరిగా అర్థం కాదు.