దుమ్ము పట్టే డ్రమ్ము

అమలాపురం దగ్గర మా వడ్రంగి షెడ్డులో దుమ్ము పట్టే ఏర్పాటు ఎట్టకేలకు పూర్తయింది. చాలా సంతోషంగా ఉంది. మందపాటి ప్లాస్టిక్ డ్రమ్ము, దాని మూతపై గరాటు ఆకారపు సైక్లోన్, పీవీసీ పైపులు, పాత వాక్యూమ్ క్లీనర్. అంతే సామాను.

పొట్టు నిండిన గాలి సైక్లోన్ గోడను ఒరుసుకుంటూ పక్క నుంచి లోపలికి వచ్చి గిరగిరా తిరుగుతుంది. బరువైన పొట్టు అంచులకు చేరి డ్రమ్ములోకి జారుతుంది, గాలి మధ్య గొట్టం గుండా పైకి, వాక్యూమ్ క్లీనర్‌లోకి పోతుంది. వాక్యూమ్ ఫిల్టర్ తొందరగా పూడుకుపోదు, లాగే బలం తగ్గదు. మూత దగ్గర సన్నని సందు ఉన్నా పడిన పొట్టు మళ్లీ లేస్తుంది. అందుకే చుట్టూ రబ్బరు బీడింగ్ వేశాను. పైపు పొట్టిగా ఉండాలి, వంపులు తక్కువగా ఉండాలి.

మా నాన్నగారు జీవితమంతా ముక్కుకు తువ్వాలు చుట్టుకునే టేకు కోశారు. రాత్రుళ్లు ఆయన దగ్గు వింటూ పెరిగాను. కంటికి కనిపించే పొట్టు కంటే 10 మైక్రాన్లలోపు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ధూళే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. తువ్వాలు దాన్ని ఆపదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో వెలువరించిన నివేదికలో చెక్క ధూళిని క్యాన్సర్ కారకంగా పేర్కొంది. వానాకాలంలో జల్లు కొట్టకుండా తలుపులు మూసుకుని పనిచేసే మన కోనసీమ వడ్రంగులకు ఇది మరీ ముఖ్యం.

చెక్కను నునుపు చేసే సాండర్ పట్టినప్పుడు మాత్రం మాస్కు తీయను. అతి సన్నని ధూళిని సైక్లోన్ పూర్తిగా పట్టలేదు.

చూడాలనుకునే వడ్రంగి మిత్రులు షెడ్డుకు రండి, కొలతలు రాసిస్తాను.