నాలుగింటికే పొద్దుగూకే చోట

జోర్హాట్‌లో మొదటి రోజు ముఖమ్మీద ఎండ పడి మెలకువ వచ్చింది. జూన్ నెల. కిటికీలకి ఇంకా కర్టెన్లు కొనలేదు. చేరిన రోజే ఆఫీసుకి లేటైపోయానన్న టెన్షన్‌తో ఒక్క గెంతున బాత్రూంలో దూరి, తల మీద రెండు చెంబులు పోసుకున్నాక గానీ టైము చూడాలని తోచలేదు. అయిదుకి ఇంకా పది నిమిషాలుంది. ఫోన్‌కి ఏదో అయిందనుకుని చేతి గడియారం చూశాను. అదీ అదే మాట చెప్పింది.

తడి తలతోనే వరండాలోకి వచ్చాను. ఎదురింటావిడ బట్టలు ఉతికి ఆరేసేసింది. ఒకాయన సైకిల్‌కి అరటి గెలలు కట్టుకుని బజారుకి పోతున్నాడు. ఊరంతా లేచి ఎంతోసేపయినట్టుంది. ఆ వేళకి మా తునిలో అయితే పాలవాడు కూడా వచ్చి ఉండడు.

బ్యాంకు బదిలీల్లో ఎవరికెక్కడ పడుతుందో చెప్పలేం. నాకు అస్సాం పడింది. విశాఖలో ఎక్కిన రైలు కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ దాకా పోయేది. మొత్తం నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే, మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ దూరం పోయే బండి. రెండు రాత్రులు అందులో గడిపి మరియానిలో దిగాను. అంత దూరం వస్తూ భాష గురించి బెంగపడ్డాను, తిండి గురించి బెంగపడ్డాను, వానల గురించి కూడా పడ్డాను. గడియారం గురించి బెంగపడాలని మాత్రం తట్టలేదు.

ఆ రాత్రి ఫోన్‌లో మ్యాప్ తెరిచి కూర్చున్నాను. చిన్నప్పుడు సోషల్ పరీక్షకి బట్టీ పట్టిందే: మన దేశపు టైము తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీల లెక్కన నడుస్తుంది. మాస్టారు మీర్జాపూర్ పేరొక్కటే చెప్పి వదిలేశారు. ఆ గీతని వేలితో పట్టుకుని కిందికి వస్తే ఛత్తీస్‌గఢ్, ఒడిశా దాటి, మా తుని పక్కనుంచే సముద్రంలోకి దిగిపోయింది! జోర్హాట్ ఉన్నది 94 డిగ్రీలు దాటాక. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున వేసుకుంటే మాకంటే ఇక్కడ సూర్యుడు ముప్పావుగంట ముందు నడుస్తాడు. ఉత్తరానికి జరిగే కొద్దీ వేసవి పగళ్లు పొడుగవుతాయి కాబట్టి జూన్‌లో మరికాస్త ముందే వచ్చేస్తాడు. అంటే కచ్ నుంచి అరుణాచల్ దాకా దేశమంతా చేతికి కట్టుకుని తిరుగుతున్నది మా ఊరి టైమన్నమాట. ఇంత గొప్ప సంగతి తునిలో ఎవరికీ పట్టినట్టు లేదు. మామిడిపళ్ల గురించి మాత్రం గంటలు గంటలు చెబుతారు.

మన తెలుగులో పొద్దు అంటే సూర్యుడూ అవుతుంది, కాలమూ అవుతుంది. పొద్దు పొడిచింది అంటాం, పొద్దుపోయాక వచ్చాడు అంటాం, ఏమీ తోచకపోతే పొద్దు గడవడం లేదంటాం. సూర్యుడు ఒక దారిన, టైము ఇంకో దారిన పోతాయన్న అనుమానం తునిలో ఉన్నన్నాళ్లూ నాకు రాలేదు. అక్కడ రెండూ దాదాపు కలిసే నడుస్తాయి మరి.

ఇక్కడివాళ్లు దీనికి ఒక విరుగుడు ఎప్పుడో కనిపెట్టుకున్నారు. అది తెలియక జులైలో ఒక పొరపాటు చేశాను. మా బ్రాంచిలో పనిచేసే కుర్రాడొకడు తేయాకు తోట చూపిస్తానని, పొద్దున్న ఏడింటికల్లా గేటు దగ్గర ఉండమన్నాడు. నేను ఏడుకి అయిదు నిమిషాల ముందే చేరి, నా పంక్చువాలిటీకి నేనే మురిసిపోతూ నిలబడ్డాను. వాడి మొహం మాత్రం మాడిపోయి ఉంది. తోటలో అప్పటికి దాదాపు ఎనిమిది. 'బాగాన్ టైమ్', అంటే తోట టైము, మామూలు టైముకి గంట ముందుంటుంది. తెల్లవాళ్ల కాలంలో పెట్టిన పద్ధతి, ఇప్పటికీ చాలా తోటల్లో నడుస్తోంది. ఆకు కోసే ఆడవాళ్లు అప్పటికే నడుముల్లోతు పొదల్లో వరసలు తీరి ఉన్నారు. రెండు ఆకులూ ఒక మొగ్గా తుంచి, చూడకుండానే వెనక బుట్టలోకి విసురుతున్నారు. గేటు కాపలా ఆయన నా గడియారం కేసి చూసి, "అది బయటి టైము బాబూ" అన్నాడు హిందీలో. గేటుకి బయట ఏడు, లోపల ఎనిమిది. మధ్యలో ఒక వెదురు బొంగు అడ్డం.

తరవాత తెలిసింది, ఈ గోల పాతదే. 1906లో దేశానికంతా ఒకే టైము పెట్టినా కలకత్తావాళ్లు 1948 దాకా తమ టైము వదల్లేదు. ఇక్కడ 2014లో అప్పటి ముఖ్యమంత్రి తరుణ్ గొగోయ్ రాష్ట్రమంతా తోట టైముకి మారాలన్నారు. మారలేదు. తొందరగా తెల్లారి తొందరగా చీకటిపడితే ఆఫీసుల్లో పగలంతా వృథా, సాయంత్రం కరెంటు దండగ అని వాళ్ల వాదన. రైళ్లు రెండు టైముల మధ్య గందరగోళపడతాయని అటువైపు వాళ్ల వాదన. నన్నడిగితే నేను తోటవాళ్ల పక్షమే. కాకపోతే మా ఊరి టైము పక్కనపెట్టమని నా నోటితో నేనెలా అనను?

డిసెంబరు వచ్చేసరికి అసలు బాధ తెలిసింది. నాలుగుంపావు దాటగానే సూర్యుడు దిగిపోతాడు. అయిదున్నరకి బ్యాంకులోంచి బయటికి వస్తే చిమ్మచీకటి. సాయంత్రం అనేదే లేకుండా పోయింది నాకు. తునిలో సాయంత్రమంటే ఒక పూట. స్నేహితులతో టీ, బండి మీద బజ్జీలు, స్టేషన్ వైపు ఒక నడక, అన్నీ అందులోనే. ఇక్కడ మధ్యాహ్నం నేరుగా రాత్రిలో పడిపోతుంది. ఏడింటికి అన్నం తినేసి కూర్చుంటే పదింటికి మళ్లీ ఆకలి.

ఆ రోజుల్లోనే ఒక రెండో శనివారం బ్రహ్మపుత్ర మధ్యలో ఉన్న మాజులి దీవికి వెళ్లాం, నేనూ ఆ కుర్రాడూ. తోటలో పోయిన పరువు తిరిగి నిలబెట్టుకోవాలని ఈసారి తెల్లవారకముందే తయారై కూర్చున్నాను. జోర్హాట్ నుంచి నిమాతి రేవు పద్నాలుగు కిలోమీటర్లు. పొగమంచులో వాడి బైకు వెనక కూర్చుని వెళ్తే మోకాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు.

రేవులో పడవని చూడగానే ప్రాణం లేచొచ్చింది. అచ్చం మన కోనసీమ పంటే! కార్లు, బైకులు, గ్యాసు బండలు, బుట్టలో కోళ్లు, అట్టపెట్టెలో కొత్త ఫ్రిజ్, దాన్ని కౌగిలించుకుని నిలబడ్డ కొత్త పెళ్లికొడుకు లాంటి మనిషి. అందరికీ నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఇచ్చారు. 2021 సెప్టెంబరులో ఈ రేవు దగ్గరే రెండు పడవలు గుద్దుకున్నాయి. అప్పటినుంచి ఈ విషయంలో గట్టిగా ఉన్నారట. నాకు గోదావరిలో పడవ మునిగిన కచ్చులూరు గుర్తొచ్చింది, 2019 సెప్టెంబరు. జాకెట్ తాళ్లు ఇంకో ముడి వేసుకున్నాను.

గోదావరి చూసి పెరిగినవాణ్ణి, నది వెడల్పు నన్నేం బెదిరించదనుకున్నాను. బ్రహ్మపుత్ర బెదిరించలేదు గానీ తికమక పెట్టింది. చలికాలం నీళ్లు తగ్గి ఎక్కడ చూసినా ఇసుక మేటలు. పడవ సూటిగా అవతలి గట్టుకి పోదు. లోతు వెతుక్కుంటూ అటు తిరిగి, ఇటు తిరిగి గంట పైనే నడిచింది. ముందు భాగంలో ఒకతను వెదురు గడతో లోతు చూస్తూ ఉన్నాడు. మనం లంకలన్నట్టు వీళ్లు ఈ మేటల్ని చాపొరి అంటారు. ఏటికోత కథ కూడా అదే కథ. 1950 ఆగస్టు 15న వచ్చిన 8.6 తీవ్రత భూకంపంలో కొండలు విరిగి ఏటిలో పడ్డాయి. అడుగున మట్టి పేరుకుని నది మెరక వేసింది, కోత ఎక్కువైంది. మాజులి అప్పటినుంచి మరీ తరిగిపోతోంది. మాజులికి వంతెన కట్టడానికి 2021లో శంకుస్థాపన జరిగింది. ఎప్పటికి పూర్తవుతుందని గడ పట్టుకున్నతన్ని అడిగితే నవ్వి, "లాహే లాహే" అన్నాడు. నెమ్మది నెమ్మదిగా అని అర్థం. అస్సామీలో నేను నేర్చుకున్న మొదటి మాట అదే. ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

దీవిలో ఆవపూల పసుపు. వెదురు కాళ్ల మీద నిలబెట్టిన మిసింగ్ తెగవాళ్ల ఇళ్లు, కింద కట్టేసిన పందులు. మాజులి 2016లో జిల్లా అయింది గానీ రోడ్డు మీద బాతులకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. అడుగు కదపవు.

సామగురి సత్రంలో మాత్రం కాళ్లు ఆగిపోయాయి. సత్రం అంటే మన సత్రం కాదు, శంకరదేవుడు చూపిన వైష్ణవ మార్గంలో నడిచే మఠం. రాయడం 'సత్ర' అనే రాస్తారు, పలికేటప్పుడు 'స' కాస్తా గొంతులోకి జారి 'హ'కీ 'ఖ'కీ మధ్య ఎక్కడో ఆగుతుంది. ఇక్కడ భావొనా నాటకాలకి మాస్కులు చేస్తారు. ఈ పనికే ఇక్కడి హేమచంద్ర గోస్వామికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఒక కుర్రాడు వరండాలో గొంతుక్కూర్చుని పని చేస్తున్నాడు. ముందు వెదురు బద్దలతో బుట్టలా అల్లుతారు. బంకమట్టి నీళ్లలో ముంచిన గుడ్డ దాని మీద పరుస్తారు. ఆరాక మట్టీ ఆవుపేడా కలిపిన ముద్దతో ముక్కూ కనుబొమలూ తీరుస్తారు. మాకు దగ్గర్లోని ఏటికొప్పాకలో లక్కబొమ్మ చూస్తుండగానే చకచకా తిరిగి తయారవుతుంది. ఇక్కడ ఒక కనుబొమ దగ్గరే పావుగంట గడిచింది. ఎండితే పగులుతుందేమో అని నేను చూస్తున్నాను, వాడు తడి వేలితో అదే చోట మళ్లీ మళ్లీ రాస్తున్నాడు.

గోడన వరసగా హనుమంతుడు, నరసింహుడు, దవడ కదిలే జటాయువు. పూతన ముఖం తీసి నా తలకి తొడిగాడు. లోపల చీకటి. పిడకల వాసన, వాన పడ్డ మట్టి వాసన. మా అమ్మమ్మ వాళ్ల వాకిలి అలికిన రోజు వాసనది! రెండు వేల కిలోమీటర్ల పైన వచ్చి, పూతన ముఖంలో దూరి అమ్మమ్మని తలుచుకున్నాను. బయటినుంచి మావాడు ఫొటోలు తీస్తూ నవ్వుతున్నాడు.

తీయగానే తామూల్ పెట్టారు. తాంబూలంలోంచి వచ్చిన మాటే, కాని వీళ్లకి అది ఆకు కాదు, వక్క. పచ్చి వక్క. కాదనడం మర్యాద కాదని నమిలాను. రెండో నిమిషంలో చెవులు వేడెక్కాయి, చలికాలంలో చెమటలు పట్టాయి, నేల కొంచెం పక్కకి జరిగింది. అరుగు మీద కూలబడి ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఆఖరి పడవ నాలుగులోపేనని రేవులో చెప్పిన మాట నాకు గుర్తుంది. నాలుగంటే ఇంకా బోలెడు పొద్దుందిలే అని తునివాడి ధీమా కూడా ఉంది.

కమలాబారి రేవుకి చేరేసరికి నాలుగుంబావు. పడవ నదిలో చిన్నదైపోయింది. దాని వెనక సూర్యుడు సగం మునిగాడు. ఈసారి గడియారం తప్పు కాదు, పూర్తిగా నాదే. మావాడు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. "ఇక్కడ మా మాహీ ఉంది, పద దాదా" అన్నాడు. మాహీ అంటే పిన్ని.

మాహీ ఇంటికి వెళ్లేసరికి చీకటి పడిపోయింది. ఆవిడ అప్పుడే తులసి కింద మట్టి ప్రమిద వెలిగిస్తోంది. దగ్గరి నామ్‌ఘర్‌లో, అంటే ప్రార్థన మందిరంలో, నగారా మొదలైంది. ఆ మోతలోనే అమ్మ వీడియో కాల్.

"ఎక్కడున్నావురా, అంతా చీకటిగా ఉంది? కరెంటు పోయిందా?"

"సందె అయిందమ్మా ఇక్కడ."

"అప్పుడే సందేవిట్రా! చూడు" అని ఫోన్ తిప్పింది. మా అరుగు మీద ఎండ ఇంకా పరుచుకునే ఉంది. ఆ ఎండలో పిల్లి పడుకుని ఉంది. నేను మాహీ వైపు తిప్పాను. ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ దీపం చూసి దణ్ణం పెట్టింది, మాహీ పిల్లిని చూసి నవ్వింది. తరవాత అమ్మ, "ఆవిడ పెట్టేసిందిగా, నేనూ పెట్టేయనా?" అంది. ఎండలో దీపమేమిటే అన్నాను. "అదీ నిజమే" అని ఫోన్ పెట్టేసింది.

మాహీ చేపల టెంగా వండింది. చింతపండు లేకుండా పుల్లగా ఉంది, దేనితో వచ్చిందా పులుపు అంటే టమాటాతోనట. రెండోసారి అన్నం పెట్టించుకుంటుండగా ఫోన్ మోగింది. అమ్మ ఫొటో పంపింది, మా గూట్లో దీపం. కింద ఒక్క మాట: 'పెట్టాను'. టైము అయిదూ నలభై. మాహీకి చూపిస్తే చెయ్యి తుడుచుకుని, ఫోన్ దగ్గరికి తీసుకుని, ప్రమిదలో నూనె ఎక్కువైందన్నట్టు సైగ చేసింది.