బటన్ వచ్చింది, మాక్రో రాలేదు

మాది కాశీబుగ్గ. పలాసలో ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. పేరుకి అకౌంటెంటునే గానీ ప్రింటర్ కాగితం నమిలేసినా నేనే, షావుకారు గారి మనవడికి హాల్ టికెట్ తియ్యాలన్నా నేనే. దాని మధ్యలో ఎప్పుడో సరదాగా మొదలెట్టిన ఎక్సెల్ మాక్రోలు, అంటే ఒక్క బటన్ నొక్కితే నాలుగైదు పనులు వరసగా చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, ఇప్పుడు మెడకి చుట్టుకున్నాయి, ఎందుకంటే నా ఒక్కడి సిస్టంలో ఉన్నంతవరకు అవి ముద్దుగానే ఉండేవి, మొన్న శనివారం గోడౌన్‌లోకి కొత్త కంప్యూటర్ వచ్చింది, "నీ బటన్లు అందులోకీ ఎక్కించీ" అన్నారు, అక్కడ మొదలైంది.

ముందు ఆ బటన్లేంటో చెప్పాలి. జీడిపిక్కలు మాకు 80 కిలోల బస్తా లెక్కన వస్తాయి. బస్తాకి పప్పెంత దిగిందన్నదే వ్యాపారమంతా. పైదేశాల సరుకైతే దాన్ని పౌండ్లలో చెప్తారు, 48 అన్నారంటే 80 కిలోల బస్తాకి 48 పౌండ్ల పప్పు, అంటే కిలోల్లో 21.77. మన ఉద్దానం పిక్కయితే కిలోల్లోనే రాసుకుంటాం. ఈ రెండూ ఒకే షీట్లో కలిసిపోతే నేను ఒకసారి పౌండ్లని కిలోలనుకుని కూడేసి షావుకారు గారితో తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే, ఆ రోజు రాత్రే మొదటి మాక్రో రాసేను. తర్వాత గ్రేడు వారీగా విడదీసేది ఒకటి, 240లు, 320లు (పప్పు సైజుని బట్టి పెట్టే నంబర్లు), బద్ద, ముక్క అలాగ. శనివారం కూలి షీటు తయారుచేసేది ఒకటి. అంకెల్ని అక్షరాల్లోకి మార్చేది ఒకటి. ఇలాంటివి మొత్తం ఐదు బటన్లు, ఎక్సెల్ పైన ఎడమ పక్కన సేవ్ బొమ్మ ఉండే చిన్న వరస ఉంటుంది కదా, క్విక్ యాక్సెస్ టూల్‌బార్, అందులో పెట్టుకున్నాను.

శనివారం పొద్దున్న నేను చేసిందేంటంటే, ఫైల్, ఆప్షన్స్, క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లోకెళ్ళి కింద ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ అని ఉంటే ఎక్స్‌పోర్ట్ ఆల్ కస్టమైజేషన్స్ నొక్కి, వచ్చిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గోడౌన్‌కి వెళ్ళిపోయేను. అక్కడ ఇంపోర్ట్ కొట్టేను. అదేదో అడిగింది, ఎస్ అన్నాను. ఐదు బటన్లూ టకటకా వచ్చేసాయి. నా అంత తెలివైనోడు లేడనుకున్నాను, ఓ అర నిమిషం.

గోడౌన్ చూసుకునే తమ్ముడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. "అన్నా, ఇదేటి, నా బటన్లేవి?" అన్నాడు. వాడు పొద్దున్నే కూర్చుని సొంతంగా రెండు మూడు పెట్టుకున్నాడట. ఇంపోర్ట్ అంటే ఉన్నవాటికి కలపడం కాదు, ఉన్నవి తీసేసి ఇవి పెట్టడం. అది అడిగిందీ అదే, నేను చదవకుండా ఎస్ అన్నదీ దానికే. సరేలే మళ్ళీ పెట్టుకుందువుగానిలే అని మొదటి బటన్ నొక్కేను. మాక్రో నడపలేను, ఇక్కడ లేదేమో లేకపోతే మాక్రోలన్నీ ఆపేసి ఉన్నాయేమో అని డబ్బా వచ్చింది. ఆ డబ్బాలో దారి మొత్తం రాసి ఉంది, సీ డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత నా పేరు.

"నా కంప్యూటరు నీ పేరెందుకడుగుతంది అన్నా?"

మంచి ప్రశ్న. బటన్ అనేది బటనే, దాని లోపల పని ఉండదు, పని ఎక్కడుందో చెప్పే అడ్రసు మాత్రం ఉంటుంది. నేను మాక్రోలు రాసింది పర్సనల్ డాట్ ఎక్స్‌ఎల్‌ఎస్‌బి అనే దాంట్లో, అది నా యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా లోపల రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఎక్సెల్, ఎక్స్‌ఎల్‌స్టార్ట్ అని ఎక్కడో పాతాళంలో ఉంటుంది, ఎక్సెల్ తెరిచినప్పుడల్లా కనపడకుండా తనూ తెరుచుకుంటుంది. నేను పట్టుకెళ్ళింది బటన్లని. మా ఇంటి స్విచ్ బోర్డు ఊడదీసుకెళ్ళి పక్కింటి గోడకి బిగించి ఫ్యాన్ ఎందుకు తిరగట్లేదని అడిగినట్టు.

అప్పుడైనా ఆగాలి కదా, ఆగలేదు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి నా పర్సనల్ ఫైలు తీసుకెళ్ళి వాడి ఎక్స్‌ఎల్‌స్టార్ట్‌లో పడేసేను. రీప్లేస్ చెయ్యాలా అంది. చెయ్యి అన్నాను. అందులో వాడు రికార్డ్ చేసుకున్న మాక్రో ఒకటుందని నాకు తెలీదు, వాడు కూలోళ్ళలో అడ్వాన్సు తీసుకున్నవాళ్ళ వరసలు పసుపు రంగు వేసేలా ఏదో చేసుకున్నాడు పాపం, ఉన్న ఒక్కటీ పోయింది. ఇంత చేసినా బటన్లు ఇంకా నా పేరే అడుగుతున్నాయి, ఎందుకంటే వాడి యూజర్ పేరు వేరు, దారి వేరు. ఐదు బటన్లూ తీసేసి మళ్ళీ చేత్తో పెట్టాల్సొచ్చింది. ఈలోపు పిక్కలు కొట్టేవాళ్ళు, పొట్టు తీసే ఆడోళ్ళు వరండాలో వచ్చి కూర్చున్నారు. ఆ వారం కూలి షీటు నా సిస్టంలోనే తీసి, ప్రింట్లు పట్టుకుని బండి మీద గోడౌన్‌కి వెళ్ళేను.

నిజానికి పర్సనల్ ఫైల్ని నమ్ముకోకూడదని నాకు 2018లోనే తెలిసుండాల్సింది. అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో జీడితోటలూ కొబ్బరితోటలూ ఎలా పడిపోయాయో ఇక్కడ అందరికీ తెలుసు, ఆ గొడవలో నా కంప్యూటర్ గురించి మాట్లాడ్డం కూడా సిగ్గే. కానీ ఆఫీసు రేకులు లేచిపోయి సీపీయూలోకి నీళ్ళెళ్ళిపోయాయి, లెక్కల ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి బతికేయి, మాక్రోలు మాత్రం పోయాయి, ఎందుకంటే డాక్యుమెంట్స్ ఫోల్డర్ని కాపీ చేసినవాడు యాప్‌డేటా లోపలికి ఎందుకెళ్తాడు? మళ్ళీ మొదటినుంచి రాసుకున్నాను. రాసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాను. అలాగుంటాది మన బుద్ధి.

ఆదివారం ఇంట్లో కూర్చుని మొత్తం ఎక్సెల్ యాడ్-ఇన్ కింద, అంటే ఎక్సెల్‌కి విడిగా తగిలించుకునే ఫైలు కింద మార్చేను. ఎలాగంటే కొత్త వర్క్‌బుక్ తెరిచి, ఆల్ట్ ఎఫ్11 కొట్టి కోడ్ రాసే వీబీఏ ఎడిటర్ తెరిచి, పర్సనల్‌లో మాక్రోలున్న మాడ్యూల్స్‌ని మౌస్‌తో లాగి ఇందులో వేసి, సేవ్ యాజ్‌లో ఎక్సెల్ యాడ్-ఇన్ అని ఎంచుకుంటే ఎక్స్‌ఎల్‌ఏఎం ఫైలు తయారవుతుంది. అవతలి కంప్యూటర్లో ఆప్షన్స్, యాడ్-ఇన్స్, కింద గో, బ్రౌజ్, ఫైలు చూపించి టిక్. అంతే, అది వాడి పర్సనల్ ఫైల్ని ముట్టుకోదు.

అంతే అన్నాను గానీ మూడు చోట్ల కాలు జారింది.

మొదటిది, మాక్రోలో నేను దిస్‌వర్క్‌బుక్ అని రాసుకున్నవి కొన్నున్నాయి. కూలి షీటుది మాత్రం నేను పర్సనల్‌లోకి రాకముందు ఆ కూలి ఫైల్లోనే రాసింది, ఇన్నాళ్ళూ అక్కడే ఉండిపోయింది, అక్కడ దిస్‌వర్క్‌బుక్ అంటే అదే ఫైలు. యాడ్-ఇన్‌లోకి వచ్చేక దిస్‌వర్క్‌బుక్ అంటే యాడ్-ఇనే, కళ్ళకి కనపడని ఫైలు. అందులో కూలి షీటు వెతికితే ఎక్కడ దొరుకుద్ది? యాక్టివ్‌వర్క్‌బుక్, అంటే అప్పుడు ముందు తెరిచి ఉన్న ఫైలు, అని మార్చుకోవాలి. కానీ అన్నీ గుడ్డిగా ఫైండ్ రీప్లేస్ కొట్టకండి, ఒక చోట మాత్రం దిస్‌వర్క్‌బుక్కే కావాలి నాకు. అక్షరాల్లోకి మార్చే ఫంక్షన్‌కి. మైక్రోసాఫ్ట్ వాళ్ళిచ్చే నమూనా కోడ్ పెడితే 1,25,000ని వన్ హండ్రెడ్ ట్వంటీ ఫైవ్ థౌజండ్ అంటుంది, మన లక్షలు దానికి తెలీవు, అది ముందే మార్చుకున్నాను. ఓచర్ మీద తెలుగులో ఉంటే సంతకం పెట్టేవాళ్ళకి చదువుకోడానికి బాగుంటుందని తెలుగు పదాలు పెడదామంటే వీబీఏ ఎడిటర్లో తెలుగు టైప్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే, దానికి యూనికోడ్ రాదు. అందుకని ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా, నూరు, వెయ్యి, లక్ష, కోటి అన్నీ యాడ్-ఇన్ లోపలున్న షీట్లో గళ్ళలో రాసిపెట్టేను, షీట్లో తెలుగు హాయిగా ఉంటుంది, కోడు అక్కడినుంచి చదువుకుంటుంది. ఈ ఒక్క పనికి మాత్రం నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకోరు కాబట్టి.

ఆ ఫంక్షన్‌తోనే ఇంకో పేచీ. పాత ఓచర్ ఫైళ్ళలో ఫార్ములా ముందు పర్సనల్ ఫైల్ పేరు అంటుకుని ఉంది, అవి గోడౌన్‌లో తెరిస్తే లింకులు అప్‌డేట్ చెయ్యాలా అని అడగడం, ఎర్రర్ చూపించడం. డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్‌కెళ్ళి ఛేంజ్ సోర్స్‌లో యాడ్-ఇన్ ఫైలు చూపిస్తే పోతుంది. ఒక్కో ఫైలుకీ చెయ్యాలి. చేసేను.

రెండోది బటన్లు. యాడ్-ఇన్‌లో ఉన్న మాక్రోలు ఆల్ట్ ఎఫ్8 కొడితే లిస్టులో కనపడవు, టూల్‌బార్‌కి బటన్ పెట్టుకునే దగ్గర కూడా కనపడవు. పేరు గుర్తుంటే ఎఫ్8 డబ్బాలో టైప్ చేస్తే నడుస్తుంది గానీ గోడౌన్‌లో దుమ్ము చేతుల్తో ఉన్నోడికి పేరు టైప్ చెయ్యమని చెప్తామా? పాత 2003 ఎక్సెల్లో సొంత టూల్‌బార్‌ని ఫైలుకే అటాచ్ చేసేసే సదుపాయం ఉండేది, ఫైలెక్కడికెళ్తే బటన్లు అక్కడికి, 2007లో రిబ్బన్ (పైన హోమ్, ఇన్సర్ట్ ట్యాబులుండే పట్టీ) తెచ్చి అది తీసేసారు. నా ఉద్దేశంలో అది మంచి పని కాదు, కానీ మనల్నెవడడిగేడు.

ఇప్పుడు అలాంటిది కావాలంటే యాడ్-ఇన్ ఫైల్లోపల ఏ బటన్ ఎక్కడుండాలో చెప్పే ఎక్స్‌ఎంఎల్ రాత పెట్టాలి. ఎక్స్‌ఎల్‌ఏఎం అనేది నిజానికి జిప్ ఫైలే. ఆఫీస్ రిబ్బన్‌ఎక్స్ ఎడిటర్ అని ఉచితంగా దొరికేది ఒకటుంది, దాంట్లో తెరిచి పది పన్నెండు లైన్లు రాస్తే ఎక్సెల్ పైన హోమ్, ఇన్సర్ట్ పక్కన మన సొంత ట్యాబ్ వస్తుంది, ట్యాబ్ పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు. నేను "జీడి" అని పెట్టేను. బటన్ మీద బొమ్మలు కూడా ఆఫీసులో ముందే ఉన్నవి పేరుతో పిలుచుకోవచ్చు, హ్యాపీఫేస్ అని రాస్తే నవ్వే మొహం వస్తుంది. ఇందులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా వస్తే మెచ్చదు. ఇంకా ప్రతి మాక్రో బ్రాకెట్లో కంట్రోల్ యాజ్ ఐరిబ్బన్‌కంట్రోల్ అని చేర్చాలి, చేర్చకపోతే ఆర్గ్యుమెంట్ల లెక్క తప్పింది అని తిడుతుంది, దీనికి నాకు రాత్రి పదకొండయ్యింది, ఇంట్లో "ఆదివారం కూడా ఆ జీడిపిక్కలేనా" అని వేరే తిట్లు. మంచి విషయమేంటంటే ఇలా పెట్టిన బటన్‌కి మాక్రో పేరు చాలు, దారి అక్కర్లేదు, ఇద్దరూ ఒకే ఫైల్లో ఉంటారు కాబట్టి నా యూజర్ పేరు ఇంకెవర్నీ అడగదు.

మూడోది చాలా విచిత్రం. సోమవారం పెన్‌డ్రైవ్‌తో గోడౌన్‌లో పెడితే ట్యాబ్ టక్కున వచ్చింది. అదే ఫైలు షావుకారు గారి ల్యాప్‌టాప్‌కి వాట్సాప్‌లో పంపేను, ఆయన వైజాగ్‌లో ఉన్నారు, వాళ్ళబ్బాయి బ్రౌజర్లో వాట్సాప్ వెబ్ తెరిచి దించుకుని టిక్ పెట్టేడు, ట్యాబ్ రాలేదు. ఎర్రర్ కూడా లేదు, ఏమీ లేదు. ఫోన్లో అరగంట. చివరికి తెలిసిందేంటంటే నెట్‌లోంచి దిగిన ఫైలుకి విండోస్ కనపడని ముద్ర ఒకటి వేస్తుంది, 2022 నుంచి ఆఫీసు అలాంటి ఫైళ్ళలో మాక్రోలు మొదటే ఆపేస్తుంది. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడుగున అన్‌బ్లాక్ అని చిన్న గడి, టిక్ పెట్టి ఓకే. పెన్‌డ్రైవ్‌కి ఈ బాధ లేదు, మామూలు పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతుల్లో ఫార్మాట్ చేసి ఉంటాయి, ఆ ముద్ర అందులో నిలవదు. మాక్రోలన్నీ ఎనేబుల్ చేసెయ్ అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, అది మాత్రం చెయ్యకండి, బ్యాంకు పని కూడా అదే కంప్యూటర్లో చేస్తాం.

ఆఫీసుకీ గోడౌన్‌కీ వైఫై కలిసే ఉంది కాబట్టి ఫైలు ఇప్పుడు నా సిస్టంలో షేర్ చేసిన ఫోల్డర్లో ఒకే కాపీ ఉంది. బ్రౌజ్ చేసినప్పుడు దీన్ని మీ యాడ్-ఇన్స్ ఫోల్డర్లోకి కాపీ చెయ్యాలా అని అడిగితే నో అనాలి, ఎస్ అంటే వాడి దగ్గర పాతదే ఉండిపోతుంది. నేను మార్చినప్పుడు వాళ్ళు ఎక్సెల్ తెరిచి ఉంటే సేవ్ అవ్వనివ్వట్లేదు, అందుకని పొద్దున్న ఎనిమిదిన్నరకే వచ్చి మారుస్తున్నాను. షావుకారు గారి ల్యాప్‌టాప్ వేరే ఊళ్ళో కాబట్టి దానికి మాత్రం విడిగా పంపుతాను.

తమ్ముడి మాక్రో పోగొట్టింది నేనే కాబట్టి మళ్ళీ రాసి ఆరో బటన్ కింద జీడి ట్యాబ్‌లోనే పెట్టేను, నవ్వే మొహం బొమ్మ దానికే ఇచ్చేను. వాడు ఖుషీ. "షావుకారు గారి దాంట్లో కూడా నా బటన్ కనబడతాదేటన్నా?" అన్నాడు. కనబడతాది అన్నాను.

నిన్న రాత్రి తొమ్మిదింటికి ఆయన ఫోను. నవ్వే మొహం ఉంది కదా అని నొక్కేరట, షీటంతా పసుపు పచ్చ అయిపోయిందట, కంట్రోల్ జెడ్ కొడుతుంటే వెనక్కి పోవట్లేదట. మాక్రో నడిచేక అన్‌డూ పనిచెయ్యదు, సేవ్ చెయ్యకుండా మూసెయ్యండి అని చెప్పేను. ఓ నిమిషం ఆగి, "పసుపంటే అడ్వాన్సు తీసుకున్నోళ్ళేనా?" అన్నారు.

అవునండి అన్నాను. స్టాఫ్ షీటు తెరిచి నొక్కినట్టున్నారు, అందులో మొదటి వరస నాదే.