మా అమ్మాయి కొండ అనుకున్న అల

మూడో కాన్వాస్ కూడా చెడిపోయింది. ఫోన్‌లో ఫొటో పక్కన పెట్టుకుని, నురగ ఉన్నచోట నురగ, నీడ ఉన్నచోట నీడ వేసుకుంటూ వచ్చాను. తీరా చూస్తే పచ్చ సిమెంటు పోత పోసినట్టుంది. మా అమ్మాయి వచ్చి "ఇది కొండా నాన్నా?" అంది. దాని తప్పేం లేదు. ఫొటోలో అల ఆగిపోయి ఉంది, నేను వేసిందీ అదే.

ఇలా ఒళ్లు మండినప్పుడల్లా ఐవజోవ్‌స్కీ బొమ్మలు తీసి చూస్తాను. ఇవాన్ ఐవజోవ్‌స్కీ ఆర్మేనియన్. 1817లో క్రిమియాలో, నల్లసముద్రం ఒడ్డున ఉన్న ఫియొదోసియాలో పుట్టాడు. దాదాపు 6,000 బొమ్మలు వేశాడు, ఎక్కువ సముద్రానివే. ఇంతా చేసి, ఆయన సముద్రం ఎదురుగా కూర్చుని వేసే రకం కాదు. మెరుపునీ, గాలి విసురునీ, అల చిమ్మే తుంపరనీ చూస్తూ వేయడం జరిగే పని కాదనేవాడు. ఒడ్డున పెన్సిల్‌తో నాలుగు గీతలు, మిగతాదంతా గదిలో గుర్తు తెచ్చుకుంటూ వేయడమే.

ఆ గుర్తుల కోసం తిరిగిన తిరుగుడు మామూలుది కాదు. 1840లో ఇటలీ, తర్వాత ఫ్రాన్స్, ఇంగ్లండ్, స్పెయిన్. 1844లో రష్యా నౌకాదళానికి ఆస్థాన చిత్రకారుడయ్యాక గ్రీసు దీవులు, ఇస్తాంబుల్. 1869లో సూయజ్ కాలువ ప్రారంభానికీ వెళ్లాడు. 75 ఏళ్ల వయసులో అమెరికా వెళ్లి నయాగరా చూశాడు. కుర్రతనంలో ఒకసారి ఫ్రాన్స్, స్పెయిన్ పక్కనున్న బిస్కే అఖాతంలో ఆయన ఎక్కిన ఓడ తుపానులో చిక్కుకుంది. పోయాడని పారిస్ పత్రికలు రాసేశాయి కూడా. అంత భయంలోనూ ఆ తుపానుని మనసులో దాచుకోవడం మాత్రం మానలేదని తర్వాత చెప్పుకున్నాడు. నేనైతే కళ్లు మూసుకుని దండం పెట్టుకునేవాణ్ని.

1850లో వేసిన 'తొమ్మిదో కెరటం' మూడు మీటర్ల పైచిలుకు వెడల్పుంటుంది, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలో ఉంది. విరిగిన తెరచాప కొయ్య పట్టుకుని వేలాడుతున్న మనుషుల్నే అందరూ చూస్తారు. నేను వాళ్లని వదిలేసి అల కొస మీదే జూమ్ చేస్తాను. కింద నీళ్లు చిక్కగా, దాదాపు నల్లగా ఉంటాయి. పైకి పోయేకొద్దీ పల్చబడి, వెనకనుంచి పొద్దు దూరి, ఆకుపచ్చలోకి పసుపు కలుస్తుంది. పల్చటి రంగు పొర మీద పొర వేస్తూ ఆ వెలుగు తెప్పించాడు. నేనేమో తెల్లరంగు ముద్దగా పెట్టేసి వెలుగు రావట్లేదని ఏడుస్తున్నాను.

మనిషి కూడా మెతక కాదు. టర్కీని ఏలిన ఒట్టోమన్ సుల్తాన్లు ఆయన బొమ్మలు కొన్నారు, పతకాలిచ్చారు. 1890ల్లో అక్కడ ఆర్మేనియన్ల ఊచకోత జరిగాక ఆ పతకాల్ని సముద్రంలో పారేశాడు. కావాలంటే సుల్తాన్ నా బొమ్మల్ని కూడా సముద్రంలో పారేసుకోవచ్చని చెప్పి పంపాడు. ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. ఎదురుగా అంత సముద్రం ఉండి, ఫియొదోసియాలో తాగడానికి నీళ్లు కరువు. తన ఎస్టేటులోని ఊటనుంచి ఊరికి రోజుకి 50,000 బకెట్ల నీళ్లు రాసిచ్చాడు. 1900లో చనిపోయిన రోజు కూడా ఈజిల్ మీద సగం వేసిన ఓడ ఉంది.

నిన్న రాత్రి ఫోన్ పక్కగదిలో పెట్టి నాలుగోది మొదలెట్టాను. పోయినసారి ఒడ్డున నిలబడినప్పుడు మోకాళ్ల దాకా వచ్చి చెప్పు లాక్కుపోయిన అల ఒకటి గుర్తుంది, అదే వేస్తున్నాను. మొదటి పొర ఇంకా ఆరలేదు. మా అమ్మాయికి చూపించలేదు.